నేను చెరిపేసిన వాన

దయ్యాలు, గాలీ ధూళీ, చేతబడి, వీటిలో దేన్నీ నేను నమ్మను. ఊరికే గొప్పకు అనడం లేదు, నేను చేసిన పనే అలాంటిది. మొదట రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ని. తర్వాత అనంతపురంలో చిన్న రికార్డింగు గది నడిపాను. "మా రేడియోలో ఎవరో ఆడమనిషి ఏడుస్తాంది సారూ" అని చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళకు, వదులైన వైరు చూపించి, నాలుగు తిట్లు తిట్టి పంపించాను. శబ్దం ఉంటే మీటరు ముల్లు కదులుతుంది. ముల్లు కదలకపోతే శబ్దం లేదు. నా వేదాంతం మొత్తం ఇంతే.

అందుకే ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని భయపడి కాదు. ఎవరైనా "మరి ఎట్లా జరిగింది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేక.

తొంభైల చివర్లో క్యాసెట్లకు మంచి గిరాకీ ఉండేది. జాతర పాటలు, భజనలు, హాస్యం, ఏది వేసినా అంతో ఇంతో అమ్ముడుపోయేది. నా స్టూడియో అంటే ఒక మేడ మీది గది. గోడలకు గోనె సంచులు కొట్టించాను. ఫ్యాను తిరిగితే చప్పుడు టేపులోకి వస్తుందని ఆపేసేవాళ్ళం. పాడేవాళ్ళు పాట అయ్యేసరికి చెమటకు తడిసి ముద్దయ్యేవాళ్ళు. నాలుగు ట్రాకుల మిషన్ ఒకటి ఉండేది. ఒకదాని మీద గొంతు, ఒకదాని మీద హార్మోనియం, ఒకదాని మీద డోలకు, నాలుగోదాని మీద సైడ్ రిథమ్. గజ్జెలు, తాళాలు, గలగలలు, టకటకలు, పాటలో వెనకాల సన్నగా వినిపించే చప్పుళ్ళన్నీ ఆ సైడ్ రిథమ్ కిందికే వస్తాయి. వినేవాడికి అవి ఉన్నట్టు తెలియదు. తీసేస్తే మాత్రం పాట ఉప్పు లేని కూరవుతుంది.

మా జిల్లాలో ఆ పనికి తిప్పేస్వామిని మించినవాడు లేడు. ఈ మాట మీద నాతో ఎవరు పందెం కట్టినా ఓడిపోతారు. రాయదుర్గం మనిషి, అప్పటికే అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు నాటకాల కంపెనీలో తెర వెనక చప్పుళ్ళు చేసేవాడు. రేకుతో ఉరుము, కొబ్బరి చిప్పలతో గుర్రం, తడిగుడ్డ విదిలించి పావురం ఎగిరిపోవడం. నాటకాలు పోయాక క్యాసెట్లకు వచ్చాడు. ఒక గోనె సంచి మోసుకొచ్చేవాడు. అందులో దిరిసెన కాయలు, గొర్రె మెడ గంటలు, గంజి వార్చే పగిలిన సిబ్బి, ఎడ్ల గజ్జెలు, చిన్న చాట, పాత తాళంచెవులు ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు పాతసామాన్ల బండివాడనుకున్నాను.

ఆయన పనిచేసే పద్ధతి చూస్తే చిరాకూ పుట్టేది, దణ్ణం పెట్టాలనీ అనిపించేది. పాట మూడుసార్లు వినేవాడు. సంచి ముట్టుకునేవాడు కాదు. తర్వాత అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసేవాడు. "ఇది ఏ నెలలో పాడే పాటప్పా? పొద్దున్నా, మాపునా?" అని. ఒకసారి ఒక జోల పాటకు, "ఉయ్యాల చీరదా, చెక్కదా?" అని అడిగాడు. చీరది అంటే, రెండు వేళ్ళ మధ్య పాత కోకను మడిచి, పాట పొడుగునా సన్నగా రుద్దాడు. మీటరు ముల్లు కాస్తంతే కదిలింది. కానీ ఆ పాట వేసినప్పుడల్లా మా ఇంటావిడ వంటింట్లో పని ఆపి నిలబడి వినేది. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు.

ఇక మా అక్క సంగతి. పేరు రత్నమ్మ. కంబదూరు పక్క ఒక చిన్న ఊరికి ఇచ్చాం. బావ నాగరాజు, ఐదెకరాల ఎర్రనేల. మా వైపు ఎర్రనేల అంటే వేరుశనగ, వేరుశనగ అంటే వాన. అక్క గొంతు మంచిది. కలుపు తీసేటప్పుడు పాడితే పక్క చేలో కూలీలు కూడా ఆమె పాట వేగానికే తొలికలు ఆడించేవాళ్ళు. తొలిక అంటే కలుపు తీసే చిన్న చేతిపార. ఆమె పాటలు ఆరింటిని క్యాసెట్‌గా తేవాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఆ సంవత్సరానికి ముందు రెండేళ్ళు వరసగా పంట పోయింది. ఈసారీ పోతే ఇంటికి తాళం వేసి, బెంగళూరులో కట్టడాల పనికి పోదామని బావ తేల్చి చెప్పేశాడు. అక్కకు ఇల్లు వదలడం చస్తే ఇష్టం లేదు. ఆ దిగులుతోనే శ్రావణంలో ఒకనాడు బస్సు దిగి నా స్టూడియోకి వచ్చి ఆరు పాటలూ పాడింది. చివరిది మబ్బును పిలిచే పాట.

"మొయిలమ్మా మొయిలమ్మా యాడికమ్మా పోతాండావు, మా చేని గట్టు మీద కూసోని పోకూడదా" అని మొదలవుతుంది. వినడానికి పేరంటానికి పిలిచినట్టే ఉంటుంది.

వచ్చేటప్పుడు వాళ్ళ చేని మన్ను ఒక గుప్పెడు గుడ్డలో కట్టుకుని రమ్మని అక్కకు ముందే కబురు పెట్టాను. నా తెలివి కాదు, తిప్పేస్వామి అడిగాడు. "ఆ పాట పాడే చేన్లో గరుసు తెప్పీప్పా" అన్నాడు. గరుసు అంటే సన్నరాళ్ళు కలిసిన ఎర్రమన్ను. ఎందుకన్నా అంటే, "నల్లరేగడి మింద పడే వాన వేరే, గరుసు మింద పడే వాన వేరే" అన్నాడు. అక్కకు ఇదంతా చెప్పలేదు. ఏ పూజకో అనుకుని మన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, పాటలు పాడేసి, మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. ఈ బస్సు సంగతి గుర్తుపెట్టుకోండి. తిప్పేస్వామి సైడ్ రిథమ్ వేసింది ఆమె వెళ్ళిపోయాక, సాయంత్రం నాలుగు గంటలకు. అక్క ఆ మనిషిని చూడనే లేదు.

మొదటి ఐదు పాటలకు తొలిక చప్పుడు, గొర్రె గంట, గాజుల కదలిక వేశాడు. ఆరో పాట చివరి చరణానికి వాన వేశాడు.

అది ఎట్లా వేశాడో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఎండిన విస్తరాకు మీద మూడు వేరుశనగ గింజలు ఒకటొకటిగా వదిలాడు. ఆగాడు. మళ్ళీ రెండు వదిలాడు. తర్వాత అక్క తెచ్చిన గరుసు చాటలో పోసి, ఊపిరి బిగబట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా ఒంచాడు. చేని అవతలి గట్టు నుంచి ఇవతలి గట్టుకు వాన నడిచి వచ్చినట్టు వినిపించింది. సరిగ్గా ఆఖరి పాదానికి ముందు ఆపేశాడు. ఆ పాదం అక్క గొంతు ఒక్కటే, ఒంటరిగా.

గాలి ఆడక తలుపు కొంచెం తెరిచి పెట్టామేమో, మెట్ల మీద ధడధడా చప్పుడు. కింద ఉండే ఇంటి ఓనరమ్మ మేడ మీదికి పరుగెత్తింది, ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి. పైకి పోయి చూస్తే సాయంత్రపు ఎండ ఇంకా చురుక్కుమంటోంది. దిగి వచ్చి మమ్మల్ని చెడామడా తిట్టింది. తిప్పేస్వామి మాత్రం పొగడ్త విన్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. నాకూ ఒళ్ళు పులకరించింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది.

కానీ ఆయన వెళ్ళాక నాలోని మెకానిక్కు నిద్ర లేచాడు. ఖాళీ టేపు తిరిగినా సన్నగా 'స్‌స్‌స్' అని రొద వస్తుంది. చవక క్యాసెట్లలో ఇంకా ఎక్కువ. తిప్పేస్వామి గరుసు వాన అచ్చం ఆ రొదలాగే ఉంటుంది. కాపీలు తీస్తే రెండూ కలిసిపోయి, టేపు పాడైందని జనం అంగడివాడి ముఖాన కొడతారు. రెండు రోజులు ఆలోచించి, ఆ ఒక్క చరణానికి నాలుగో ట్రాకు మీద కీబోర్డు వేసేశాను. నాలుగు ట్రాకుల మిషన్‌లో ఒకదాని మీద ఇంకొకటి రికార్డు చేస్తే కిందిది ఉండదు. పోయింది. పోతే మళ్ళీ రాదు.

తిప్పేస్వామి తర్వాత కలిసినప్పుడు "వాన బాగొచ్చిందాప్పా?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా వచ్చిందన్నా" అన్నాను. ఆయన కళ్ళలోకి చూడలేక మిషన్ తుడుస్తూ కూర్చున్నాను.

వినాయక చవితికి క్యాసెట్ వచ్చింది. అక్కకు ఒకటి పంపాను.

ఆ ఏడు వానలు తక్కువే అయినా, పడాల్సినప్పుడు పడ్డాయి. కార్తీకంలో అక్కవాళ్ళు వేరుశనగ పీకారు. చెట్టుకు కాయలు బాగానే దిగాయి. పీకిన చెట్లను నాలుగైదు రోజులు చేలోనే ఎండనివ్వాలి. తర్వాత ఎత్తి వామి వేస్తారు. పచ్చి మీద వామి వేస్తే లోపల ఆవిరి పట్టి కాయకు బూజు వస్తుంది. ఎండేటప్పుడు వాన పడితే ఇంకా ఘోరం. కాయ నల్లబడి మొలకెత్తుతుంది, కాయ తీశాక మిగిలే కట్టెను ఎద్దులు కూడా మేతకు ముట్టవు. ఆ నాలుగు రోజులు మా వైపు రైతులు వానను పిలవరు, పొమ్మని మొక్కుతారు.

పీకిన రెండో రోజు మధ్యాహ్నం జరిగింది ఇది. అక్క నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇంట్లో రాగి సంగటి గెలుకుతూ క్యాసెట్ పెట్టుకుంది. ఆరో పాట చివరి చరణంలో ఉండగా వాన మొదలైంది. పాటలో అని ఆమె అనుకోలేదు, బయట అనుకుంది. చేలో ఐదెకరాల చెట్లు పరిచి ఉన్నాయి. సంగటి దించి, కట్టె పడేసి బయటికి పరుగెత్తేసరికి పాట కూడా అయిపోయింది. బయట కళ్ళు చిట్లించే ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు.

పక్కింటి ఈరమ్మవ్వ అరుగు మీద ఆరబోసిన రాగులు గబగబా చాటకెత్తి లోపలికి తీసుకుపోతోంది. ఆమెను తర్వాత నేను విడిగా అడిగాను. "చినుకులు పడినట్టు ఇనపడె నాయనా, మీ అక్క పాట పెట్టిండె" అంది.

అక్క లోపలికి పోయి పాట వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. ఈసారి ఏమీ లేదు. అయినా ఆమెకు మనసు నిలవలేదు. చేలోకి పోయి బావతో వామి వేద్దాం అంది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు బావ. "పైన చూడు, అద్దం మాదిరి ఉండాది. పచ్చి మింద వామి ఏస్తే బూజు పడతాది."

"నువ్వు రాకపోతే నేనే ఏస్తా" అని అక్క కొంగు బిగించింది.

మా అక్కది మొండితనం. బావకు అది పెళ్ళైన మూడో రోజే తెలిసింది. తిట్టుకుంటూనే దిగాడు. నలుగురు కూలీలను పిలుచుకున్నారు. దారిన పోయేవాళ్ళు నవ్వారు. అక్క వాళ్ళకూ చెప్పింది, మీరూ ఎత్తుకోండి అని. ఎవరూ వినలేదు. వినకపోవడంలో వాళ్ళ తప్పు లేదు, నేనున్నా వినేవాణ్ని కాదు. పొద్దుగుంకేసరికి వామి వేసి, రెండు టార్పాలిన్ పట్టలు కప్పి, రాళ్ళు పెట్టారు.

తెల్లవారుజామున వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు.

మూడో రోజు నేను ఊరికి పోయాను. బావ పట్టలు తీసి చెట్లు మళ్ళీ ఎండలో పరుస్తున్నాడు. అక్కడక్కడా కాస్త ఆవిరి పట్టింది తప్ప పంట నిలబడింది. చుట్టూ చేలల్లో చెట్లు నల్లగా మురిగి వాసన కొడుతున్నాయి. ఆ వీధిలో మూడిళ్ళవాళ్ళు ఆ నెలలోనే బెంగళూరుకు పోయారు. అక్కకు సంతోషం లేదు. "చెప్పితిని గదరా శీనా, ఒక్కరూ ఇనకపోయిరి" అని అదే మాట పదిసార్లు అంది.

అన్నం పెడుతూ అడిగింది. "ఆ పాటలో వాన పెట్టినాయన ఎవురురా?"

"పాటలో వాన లేదక్కా" అన్నాను.

"నేను నా చెవులతో ఇంటి గదా" అని చెప్పింది. మొదట మూడు చుక్కలు, ఎండుటాకు మీద పడినట్టు. ఆగి, మళ్ళీ రెండు. తర్వాత అవతలి గట్టు నుంచి నడిచి వచ్చినట్టు సన్న వాన. "నా ఆఖరి మాటకు ముందర టక్కున నిలిచిపాయ."

తిప్పేస్వామి చాట ఒంచినప్పుడు ఆమె అనంతపురంలోనే లేదు. ఆ ముక్క క్యాసెట్‌లోకి పోలేదు. రెండు రోజుల్లో నేనే చెరిపేశాను. ఆ వానను విన్నవాళ్ళం తిప్పేస్వామి, నేను, మెట్లెక్కిన ఓనరమ్మ, అంతే.

క్యాసెట్ పెట్టి విన్నాం. కీబోర్డు, అక్క గొంతు, డోలకు. వాన లేదు. ఆ క్యాసెట్‌నే అనంతపురం తెచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. స్టూడియోలోని అసలు టేపు తీసి నాలుగో ట్రాకు ఒక్కటే పెట్టి విన్నాను. చెరిపినా అడుగున ఏమైనా మిగిలిందేమో అని శబ్దం పూర్తిగా పెంచాను. కీబోర్డు, టేపు రొద, అంతే. రొదనే అక్క వాన అనుకుంది అందామంటే, రొద మొదటి పాట నుంచీ ఉంది. రొద మూడు చుక్కలుగా పడదు, ఆఖరి పాదానికి ముందు ఆగదు.

మనసు ఆగక రాయదుర్గం బస్సెక్కాను. తిప్పేస్వామి కూతురు జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసేది. చేతిలో పని లేని రోజుల్లో ఆయన కూడా అక్కడే ఒక మూల కూర్చుని ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించేవాడు. ముప్పై మిషన్లు ఒక్కసారిగా మోగుతున్నాయి. నా తప్పును గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ వాన చెరిపేశానన్నా, నీకు అబద్ధం చెప్పాను అని.

"నాకు ఎరుకేలేప్పా" అన్నాడు, కత్తెర ఆపకుండా. "క్యాసెట్టు మా పాప ఇనిపిచ్చినాది."

తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత అక్క సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, దేవుడి పేరు ఎత్తలేదు. పనివాడు పని గురించి అడిగినట్టే అడిగాడు.

"ఆఖరి మాటకు ముందర నిలిచినాదంటనా?"

"నిలిచిందంటన్నా."

"పాట అయిపోయినాక?"

"అయిపోయాక ఏముంది?"

అప్పుడు కత్తెర కింద పెట్టాడు. "పాట అయినంక చూరు చుక్క ఒకటి ఇడిసినా గదప్పా. నువ్వు అప్పటికే మిషన్ ఆపేసింటివి. ఏమప్పా అంత తొందర అని అడిగితి."

నాకు గుర్తొచ్చింది. అవును, పాట అయిందని నేను బటన్ నొక్కేశాక, ఆయన సిబ్బి మీద ఒక్క గింజ వదిలాడు. ఆ ఒక్కటీ కావాలప్పా అని సణిగాడు. ఎవరికి వినిపిస్తుందిలే అన్నా అని నేను కొట్టిపారేశాను. అంటే ఆ చుక్క టేపు మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. చెరపడానికి కూడా అక్కడ ఏమీ లేదు.

"మీ అక్కను అడుగు" అన్నాడు.

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి అక్కవాళ్ళ ఊరి అంగడికి ఫోన్ చేశాను. వాళ్ళు అక్కను పిలుచుకొచ్చేదాకా ఆగి మళ్ళీ చేశాను. నేను చూరు చుక్క మాట ఎత్తలేదు. పాట అయిపోయాక ఏమైనా వినపడిందా అని మాత్రమే అడిగాను.

"ఒకటి పడినాదిరా, టప్పుమని, చూరులోనుంచి" అంది అక్క. "అది ఇన్నంకనే గదా నేను బైటికి ఉరికింది. చూరు కింద చెయ్యి పెట్టి చూస్తి. చెయ్యి ఎండగానే ఉండె."

తిరిగి వచ్చి తిప్పేస్వామికి చెప్పాను. ఆయన ముఖంలో అంత తృప్తి నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

"అట్లయితే నాదే" అని మళ్ళీ కత్తెర చేతికి తీసుకున్నాడు.

అక్కడే, ఆ గుడ్డల కుప్పల మధ్య, ఆయన కాళ్ళకు మొక్కాను. ఆనాడు స్టూడియోలో మొక్కాల్సింది.

తర్వాత ఇంకో ఏడెనిమిదేళ్ళు ఆయనతో పనిచేశాను. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, కంప్యూటర్ వచ్చింది. పాట అయిపోయాక కూడా ఆయన చేతులు ఒడిలోకి వచ్చేదాకా రికార్డింగు ఆపలేదు. ఆ వాన మళ్ళీ ఒకసారి వేయన్నా అని ఎన్నిసార్లు అడిగినా, "అది ఏసేసినా గదప్పా" అనేవాడు. ఆయన పోయాక ఆ సంచిని కూతురు నాకిచ్చింది. చాటలో మూలన ఇంకా కాస్త ఎర్ర గరుసు ఉంది.

నేను ఇప్పటికీ దేన్నీ నమ్మను. మీటరు ముల్లు కదలకపోతే శబ్దం లేదనే అంటాను. ఆ రోజు కంబదూరు పక్క ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు విన్నది ఏమిటో మాత్రం చెప్పలేను.

అక్క ఏటా వేరుశనగ పీకిన మర్నాడు ఆ పాత క్యాసెట్ ఒకసారి పెట్టి, ఆరో పాట ఆఖరుదాకా వింటుంది. ఏమీ వినపడకపోతే చెట్లు ఎండనిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడూ వినపడలేదు. ఏటా ఆ సాయంత్రం నేను ఫోన్ చేస్తాను. పిల్లలు, ఆరోగ్యం, ధర, అన్నీ మాట్లాడాక, పెట్టేసే ముందు అడుగుతాను.

"ఏమక్కా, ఇనపడినాదా?"